ముసురు పట్టిన నాడు బెండకాయలు

నాల్గు దినాలాయె ముసురు పట్టి.
పోచమ్మ మైదాన్ కాడ నిలబడే మా బజ్జీల బండి
గల్లీ మొగదల నీలి తాటిపత్రి కప్పుకొని
పిలువని పెండ్లికి వచ్చిన చుట్టం లెక్క
ఎటూ చూడకుండ నిలబడ్డది.

అనసూర్య చేతులు ఊకుంటలేవు.
తుడిచిన కత్తిపీటనే మళ్ల తుడుస్తది,
ఖాళీ నూనె డబ్బా ఎత్తి చూసి పెడ్తది.
"కూసో" అన్న. "ఇయ్యాల నేను చేస్త."
నవ్వింది.
ఆ నవ్వు వెనుక ఇరవై రెండేండ్ల బేరం ఉంది.

బుట్టల పావుకిలో బెండకాయలు,
కూరకని మొన్న కొన్నవి.
కడిగిన. కడిగినంక తెలిసింది తిప్పలు.
గోడలు చెమరుస్తున్నయ్, అగ్గిపుల్ల మెత్తబడ్డది,
తువ్వాల తడి, గాలి తడి,
కాయలను దేంతోని తుడవాలె?

కొత్తవాడల జంపఖానాలు నేసినోణ్ని నేను.
వానకాలం గంజి పెట్టిన పడుగు ఆరకపోతే
మా నాయిన కుంపటి తెచ్చి
మగ్గం గుంతకు జరంత దూరంగ పెట్టేటోడు.
"నూలుకు సెగ తాకాలె, మంట తెల్వద్దు" అనేటోడు.
పొయ్యి మీద వట్టి పెనం పెట్టిన,
పెనం మీద జల్లెడ బోర్లించిన,
జల్లెడ మీద కాయలు పరిచిన.
అనసూర్య నవ్వుడు ఆపింది.

ఒక్కొక్క కాయ నిలువున నాల్గు పాయలు.
కత్తికీ వేలికీ నడుమ జిగురు తీగలు సాగి
తెగినయ్.
బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే
ముడేయబోయినయ్. పాత అలవాటు.

ఉప్పు డబ్బా అందుకున్న.
"ఆగు!"
బండి కాడ పోరగాండ్లను అదిలించే గొంతు.
"ఇప్పుడు ఉప్పేస్తే ఏడుస్తయ్.
ఏడ్చినంక ఏదీ కరకరలాడది."

పసుపు, కారం, చిటికెడు వాము,
రెండు గుప్పిళ్ల శనగపిండి, ఒక గుప్పెడు బియ్యప్పిండి.
గుప్పెడంటే నాది.
రెండు వందల మందికి కొలిచే చెయ్యి ఆమెది,
ఇద్దరికి కొలువుమంటే తడబడ్తది.
నీళ్లు ఒక్క చుక్క లేదు.
నూలును గంజి పట్టినట్టు
కాయ జిగురే పిండిని పట్టుకున్నది.

నూనె కాగింది. విడివిడిగ జారవిడిచిన.
సుర్రుమని నురగ లేచింది.
"ఎప్పుడు తియ్యాలె?"
"చప్పుడే చెప్తది."
చెవి పెట్టిన.
నాకు ఇనబడ్డది రేకుల మీది వానే.
మగ్గం దెబ్బకు సగం పోయిన చెవి నాది.
బస్సుల హారన్ల నడుమ, బరాత్ బ్యాండ్ల నడుమ
మూకుడు మాట పట్టుకున్న చెవి ఆమెది.
గోడకు ఒరిగి కండ్లు మూసుకున్నది.
"ఇంకా మాట్లాడుతున్నయ్...
ఇంకా...
ఇగ తియ్యి."

పళ్లెంల పడి గలగలమన్నయ్
ఎండిన తుమ్మకాయల లెక్క.
అప్పుడు చల్లిన ఉప్పు, చెయ్యి ఎత్తి, పైనుంచి.

తను వేయించింది తను తినది అనసూర్య.
పొద్దంత నూనె వాసన పీల్చిన ముక్కుకు
రాత్రి చారన్నం తప్ప ఏదీ సయించది.
ఎన్నడూ అడగలే నేను, ఎందుకని.
ఆమె కూడ చెప్పలే.

ఒకటి అందుకున్నది. కొరికింది.
వానను దాటి, నా సగం చెవిని కూడ దాటి
ఆ చప్పుడు నాదాక వచ్చింది.
బాగుందని అనలే.
రెండోది తీసుకున్నది.

రెండో వాయి చెడగొట్టిన.
వేడి పోవద్దని గిన్నె మీద మూత పెట్టిన,
ఆవిరికి అన్నీ వాలిపోయినయ్.
"మూత పెట్టినవా?"
"పెట్టిన."
"ఇన్నేండ్లు బండి కాడికి వచ్చి ఏం చూసినవయ్యా?
బజ్జీల మీద ఎన్నడన్న మూత పెట్టిన్నా నేను?"

ఆ మెత్తవి కూడ తిన్నం, వేళ్లకంటిన కారంతో సహా.
బయట తాటిపత్రి మీద నీళ్లు నిలిచి
చూలాలి కడుపు లెక్క కిందికి జారింది.
ఎవరన్న పోయి కట్టెతోని ఎత్తి పారబొయ్యాలె.
ఆమె నా దిక్కు చూసింది.
నేను గిన్నె దిక్కు చూసిన.
అడుగున ఇంకా రెండున్నయ్.